గంధం పూసి దాచిన విరుపు

రాజపాళయంలో నేను తియ్యలేని విరిగిన బోల్టు లేదు. ఏ జిన్నింగ్ ఫ్యాక్టరీలో, ఏ బావిగట్టు మీద, ఏ లారీ ఇంజనులో ఇనుము విరిగి లోపలే కూర్చున్నా, అటు శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఇటు తెన్‌కాశి దాకా నాకే కబురొచ్చేది. నేను వెళ్ళి దాని మీద చెవి ఆనించి, వేలితో తట్టి, "ఊఁ, బయటికి రా" అనేవాణ్ణి. అది వచ్చేది.

చెవి ఆనించడం అబద్ధం. తెన్‌కాశి కూడా అబద్ధమే. అటువైపు నన్ను పిలిచింది ఒకే ఒక్కసారి, అదీ పెళ్ళి భోజనానికి. తియ్యలేక వదిలేసిన బోల్టులు బోలెడున్నాయి. వాటి సొంతదారులు నన్ను తిట్టిన తిట్లు నాకింకా గుర్తే. అయితే విరిగిన బోల్టు అనగానే మా ఊళ్ళో నా పేరు చెప్పేవారన్నది మాత్రం నిజం. ఆ పేరు నాకెలా వచ్చిందో రాద్దామని కూర్చున్నాను. నోటితో చెబితే నేను మళ్ళీ చెవి ఆనిస్తాను. రాస్తే కనీసం కొట్టివేతలుంటాయి.

యుద్ధం నడుస్తున్న కాలం. మా మేనమామకు జిన్నింగ్ ఫ్యాక్టరీలకు పోయే దారిలో, ఇంటి ముందు భాగంలోనే, ఒక లేత్ షెడ్డు, మా మాటలో పట్టరై, ఉండేది. మావాళ్ళంతా పత్తి చేలు, పొలాలు చూసుకునేవాళ్ళు. మా ఇళ్ళలో మగవాడు నూనె మరకల చొక్కాతో వీధిలో నడిస్తే ఆడవాళ్ళు లోపలికి పోయి నవ్వుకునేవారు. మామ ఆ నవ్వుల్ని లెక్కపెట్టలేదు. చదువు ఎక్కక, చేనికి పంపితే చెట్టు కింద పడుకుంటున్నానని మా అమ్మ నన్ను ఆయనకు అప్పజెప్పింది. అప్పటికే మీసాలొచ్చిన మనిషిని నేను.

మామ గొప్పతనమంతా ఒక పనిలో కనిపించేది. బోల్టు తల తెగిపోయి మొండెం రంధ్రంలో ఇరుక్కుంటుంది. పట్టుకోవడానికి పైన ఏమీ మిగలదు. అప్పుడు ఆ మొండెం నడుమ సన్నగా తొలిచి, అందులోకి ఎక్స్‌ట్రాక్టర్ అనే పనిముట్టు దించుతారు. వేలెడు పొడుగుంటుంది, కిందికి పోనుపోను సన్నబడుతుంది, దాని మరలు ఎడమవైపు తిరిగి ఉంటాయి. ఎడమకు తిప్పేకొద్దీ అది మొండెంలో కరుచుకుంటుంది, కరుచుకుని దాన్ని తనతో పాటు వెనక్కి తిప్పి పైకి లాక్కొస్తుంది. వినడానికి సులువే. కానీ ఆ పనిముట్టు బాగా పదును పట్టించిన ఉక్కు. వంగదు, పుటుక్కున విరుగుతుంది. ఒకసారి లోపల విరిగిందా, ఇక డ్రిల్లు దాని మీద జారిపోతుందే తప్ప దిగదు. మొదటి జబ్బుకన్నా మందు తెచ్చిన జబ్బు పెద్దదవుతుంది.

అందుకే తిప్పేటప్పుడు మామ కళ్ళు మూసుకునేవాడు. నోరు కొంచెం తెరుచుకునేది. ముందుకు వెంట్రుకవాసి, వెనక్కి వెంట్రుకవాసి. విరగబోయే పనిముట్టు పచ్చి బరికెలా చేతిలో సాగుతున్నట్టు అనిపించగానే ఆపేసేవాడు. కిరసనాయిలు పోసి వదిలేసి వేరే పని చూసుకునేవాడు. ఎదుటివాడు తొందరపెడితే, "చెయ్యి వద్దంటా ఉంది. నేనేం చేసేది?" అనేవాడు. ఆయన చేతిలో ఎక్స్‌ట్రాక్టర్ విరగడం ఎవరూ చూడలేదు. యుద్ధం వల్ల ఇంగ్లీషు సీమ నుంచి సరుకు రాకుండా పోయాక అవి బంగారంతో సమానమయ్యాయి. వాటిని ఒక గుడ్డలో చుట్టి, రాత్రి ఇంటికి తీసుకుపోయేవాడు.

ఆ ఏడు ఆయుధపూజకు ముందురోజు చోళపురం నుంచి ఒక రైతు వచ్చాడు. వరసకు మామకు బావమరిది. బావి పంపు తాలూకు గన్‌మెటల్ వాల్వు పెట్టెను గోనెలో చుట్టి బండి మీద తెచ్చాడు. అందులో ఒక స్టడ్డు, అంటే తల లేని బోల్టు, తెగి లోపలే ఉంది.

"బావా, బావి నీళ్ళకి కవల తోలే ఎద్దుల్ని అమ్మేసి ఈ ఇంజను కొన్నాను. ఇప్పుడు నారుమడి ఎండతా ఉంది. ఊళ్ళో అందరూ నన్ను చూసి, ఏమయ్యా, ఇంజనుకి గడ్డి వేసినావా లేదా అని అడగతా ఉన్నారు" అన్నాడు.

మామ అప్పుడే తొలిచి, ఎక్స్‌ట్రాక్టర్ దించి తిప్పాడు. కొంచెం తిప్పి ఆపేశాడు. "ఇంకా రాదు. నానాల. రేపు పూజ, ఇనుము ముట్టకూడదు. ఎల్లుండి పొద్దున మొదటి పని నీదే" అని పనిముట్టు వెనక్కి తీసి తుడిచాడు.

ఆయుధపూజ గురించి ఒక మాట చెప్పాలి. ఆ రోజు మా షెడ్డులో పనిముట్లన్నీ కడిగి, తుడిచి, గోడవార పలక మీద అరిటాకు పరిచి వరసగా పెట్టేవాళ్ళం. ప్రతిదానికీ గంధం, కుంకుమ. ముందు పొరి అనే మరమరాలు, శనగలు, బెల్లం. మర్నాడు పొద్దున మళ్ళీ దండం పెట్టుకుని ఎత్తేదాకా ఒక్కటి కూడా కదలకూడదు. వంటింట్లో కత్తిపీట సహా. విరిగిందీ, చీలిందీ పూజలో పెట్టకూడదు, అది ఇంకో నియమం. అందుకే మామ ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో తడిమి చూసి, మొక్కవోయినవాటిని బల్ల కింది డబ్బాలో వేసేవాడు. ఆ ఎక్స్‌ట్రాక్టర్‌ని కూడా అలాగే తడిమి, నిండు పనిముట్టుగా పలక మీద పెట్టాడు. నేను చూశాను.

పూజ పొద్దుటే అయిపోయింది. మధ్యాహ్నం భోంచేసి మామ వెనక గదిలో పడుకున్నాడు. సాయంత్రం హారతి దాకా షెడ్డులో నాకు పనేం లేదు. వాల్వు పెట్టె బల్ల మీద ఉంది. స్టడ్డు ఒక పగలూ రాత్రీ నానింది. మామ లేచేసరికి దాన్ని బయటికి తీసి ఆయన చేతిలో పెడితే ఎలా ఉంటుంది? చోళపురం అంతా నా పేరు మోగిపోదా? ఇనుము ముట్టకూడదన్న మాట పాతకాలం మాట, నాకేం?

పలక మీది నుంచి ఎక్స్‌ట్రాక్టర్ తీశాను. గంధం తుడిచాను. దించాను, తిప్పాను. కదల్లేదు. పిడి పొట్టిదని దానికి ఒక ఇనుప పైపు తగిలించాను. పైపు తగిలిస్తే బలం పెరుగుతుంది, కానీ చేతికి ఏమీ తెలియదు. అది సాగుతోందో, కరుచుకుంటోందో, ఏడుస్తోందో, ఏదీ తెలియదు. నాకు తెలిసిందల్లా టక్ అన్న చప్పుడు, ఆ వెంటనే చేతిలో పైపు తేలికైపోవడం.

సగం లోపల ఉండిపోయింది. సగం నా చేతిలో ఉంది.

ఆ తర్వాత నేను చేసిన పని ఏ తెలివిగలవాడూ చేయలేడు. గంధం ముద్ద చేసి పలక మీద పెట్టి, మిగిలిన సగాన్ని విరుపు కిందికొచ్చేలా అందులో నిలబెట్టాను. పైన మళ్ళీ గంధం, కుంకుమ. ఒక చామంతి కూడా పెట్టాను. రంధ్రంలోకి గ్రీజు కూరాను. మామ లేచి ముఖం కడుక్కుని వచ్చాడు. హారతి ఇచ్చాడు. ఆ పలక ముందు, ఆ విరిగిన ముక్క ముందు, కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. నేనూ జోడించాను. అత్త నాకు పొరి పెట్టింది. గొంతు దిగలేదు.

మర్నాడు పొద్దున పనిముట్లు ఎత్తాడు. సుత్తి, ఆకురాళ్ళు, మరలు కోసే ట్యాపులు. ఎక్స్‌ట్రాక్టర్ దగ్గరికొచ్చి, "ఏమిరా ఇది, ఇంత పొట్టిగా అయిపోయింది?" అని నవ్వాడు. గంధం వల్ల అలా ఉందనుకున్నాడు. బొటనవేలితో గంధం తుడిచాడు. వేలు విరుపు మీద ఆగింది.

 తర్వాత వాల్వు పెట్టెను వాకిట్లో వెలుతురులోకి తీసుకుపోయి, గ్రీజు తీసి, వంచి చూశాడు. లోపల విరిగిన ఉక్కు తళుక్కుమంది. లేత్ పక్కన ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

"మొన్న నేను తిప్పినప్పుడే విరిగినట్టుంది అల్లుడా. నాకు తెలియలేదు. విరిగినదాన్ని తుడిచి, తడిమి, దేవుని ముందర పెట్టినాను. వేళ్ళకి తెలియలేదు చూడు."

నేను మాట్లాడలేదు.

"పోయిన నెల కాఫీ లోటా చేజారినప్పుడే అనుకున్నాను. చెయ్యి మొద్దుబారతా ఉంది."

లోటా ఎవరి చేతిలోంచయినా జారుతుంది. ఆ మాట కూడా నేను అనలేదు.

చోళపురం ఆయన వచ్చేసరికి మామ దాచలేదు. "నా చెయ్యే విరిచింది బావా. మన్నించు" అన్నాడు. ఆయన ఏడవాలో నవ్వాలో తెలియక, "అయ్యో, నీ చెయ్యే ఇట్ల చేస్తే ఇక మేము ఏ దేవునికి మొక్కాల?" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. మామ తల ఎత్తలేదు.

ఇక ఆ ముక్కను తీయడం. డ్రిల్లు మొనలు అరిగిపోయాయి, దాని మీద గీత కూడా పడలేదు. పంచ్ పెట్టి కొట్టి పగలగొడదామంటే గన్‌మెటల్ మరలు చెడతాయేమోనని భయం. అప్పుడు నేను పటిక వైద్యం కనిపెట్టాను. నలభై ఏళ్ళుగా ఇదే చెబుతున్నాను కాబట్టి చెయ్యి దానంతటదే రాసేసింది. కనిపెట్టింది మా అత్త. ఆమె పుట్టిల్లు సత్రపట్టి. షెడ్డు గుమ్మంలో నిలబడి మా అవస్థ చూసి అన్నది:

"మా అమ్మగారింటి పక్కన నూలుకి రంగు వేసేవాళ్ళు. పడిగారం నీళ్ళలో ఇనుప గరిట పెట్టనియ్యరు, రాగిదే పెట్టాల. నేను చిన్నప్పుడు ఒక కొడవలి ఆ కుండలో పడేసి మరిచిపోయినాను. తీసేసరికి చెదలు తిన్నట్టు అయిపోయింది. రాగికి ఏమీ కాలేదు. మీ పెట్టె రాగి జాతే కదా?"

పడిగారం అంటే పటికే. మామ ఆమె ముఖం చూసి, "ఇన్నేళ్ళు ఈ మాట ఎక్కడ దాచినావే?" అన్నాడు.

"మీరు ఎప్పుడు అడిగినారు?"

మట్టి కుండలో పటిక కరిగించి, పెట్టెను అందులో ముంచి, పత్తి కట్టెల పొయ్యి మీద కాచాం. రంధ్రంలోంచి సన్నని బుడగలు లేచాయి. నీళ్ళు తగ్గినప్పుడల్లా పోశాం, పటిక మళ్ళీ వేశాం. మూడో రోజుకి స్టడ్డూ, ఎక్స్‌ట్రాక్టర్ ముక్కా కలిసి నల్లటి బురదయ్యాయి. వెదురు పుల్లతో తీసి కడిగితే గన్‌మెటల్ మరలు కొత్తవాటిలా మెరిశాయి. చోళపురం ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

మామ కూడా సంతోషించాడు. లోపలికి పోయి, ఎక్స్‌ట్రాక్టర్ల గుడ్డమూట తెచ్చి, ఆయన ఎదుటే నా చేతిలో పెట్టాడు.

"ఇకమీద ఇవి నువ్వే తిప్పు అల్లుడా."

"వాడికి ఎందుకు బావా? పడిగారం కుండకి ఇయ్యి" అన్నాడు చోళపురం ఆయన. అందరం నవ్వాం. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. మూట తీసుకున్నాను.

ఇక్కడ ఆగి, పైన రాసిన ఒక వాక్యం కొట్టేయాలి. మామ ముక్కాలిపీట మీద కూలబడినప్పుడు "నేను మాట్లాడలేదు" అని రాశాను. మాట్లాడాను. ఆయన నన్ను సూటిగా అడిగాడు: "మొన్న నేను తిప్పినప్పుడు నీకు ఏమన్నా చప్పుడు వినిపించిందా?" నేనన్నాను: "ఏదో సన్నగా టక్‌మని వినిపించినట్టే ఉంది మామా."

అదీ నేను చేసింది. ఉక్కును విరవడం పొరపాటు. ఈ మాట పొరపాటు కాదు. ఆయన ఇంకా అనుమానంలో ఉన్నాడు, తన చేతి మీద సగం నమ్మకం ఇంకా మిగిలి ఉంది. ఆ మిగిలిన సగాన్ని నేను ఈ ఒక్క మాటతో విరిచాను.

ఆ తర్వాతి ఏడాది మామ డ్రిల్లు మొనలు సానపట్టుకుంటూ, లేత్ మీద వాషర్లు కోసుకుంటూ గడిపాడు. విరిగిన బోల్టుతో ఎవరొచ్చినా, "అల్లుడి దగ్గరికి పో" అనేవాడు. కాఫీ లోటాను రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత చొక్కా గుండీలు అత్త చేత పెట్టించుకోసాగాడు. ఇంకా ముసలితనం రాని మనిషి వాకిట్లో గడ్డం పైకెత్తి నిలబడితే, ఆమె గుండీలు పెట్టేది. వీధిలో పోయేవాళ్ళు ముఖం తిప్పుకునేవారు. నేనూ తిప్పుకునేవాణ్ణి, ఏదో పని ఉన్నట్టు.

ఇక నేను బోల్టులు తీయడం మొదలుపెట్టాను. కొన్ని వచ్చాయి. పేరు రావడానికి కొన్ని చాలు.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. పనిముట్లు కడిగి తుడుస్తున్నాం. ఏవి పెట్టాలో, ఏవి తీసేయాలో చూడటం ఆ ఏడు నా పని. "నా వేళ్ళని నమ్మకు, నీ కళ్ళతో చూడు" అని ముందే చెప్పాడు మామ. ఆయన ఊరికే తుడిచి అందిస్తున్నాడు. మంసాపురంలో ఎవరి పెళ్ళో, అందులో సాంబారు ఎంత పలచగా ఉందో చెబుతున్నాడు. ఒక ట్యాప్ తుడుస్తూ మాట మధ్యలో ఆగాడు.

"ఇది చీలి ఉంది. పక్కన పెట్టు" అని, మళ్ళీ సాంబారులోకి వెళ్ళిపోయాడు.

నేను దాన్ని వెలుతురులో చూశాను. ఏ చీలికా లేదు. కిరసనాయిల్లో ముంచి తుడిచి, పైన సుద్ద రాశాను. చీలిక ఉంటే అందులో దాగిన నూనె సుద్దను తడుపుతుంది. కాసేపటికి తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత నల్లగీత తేలింది.

కంటికి కనపడని చీలిక ఆయన వేళ్ళకు తగిలింది. ఆ చేతికి ఏమీ కాలేదు. ఎప్పుడూ ఏమీ కాలేదు.

"మామా, మీ చెయ్యి బాగుంది" అన్నాను.

"ఏదో గుడ్డిగా తగిలిందిలే. పోదుం పోదుం, చాలిక, పని చూడు."

"గుడ్డిగా కాదు మామా. ఆ ఎక్స్‌ట్రాక్టర్‌ని మీరు విరచలేదు. నేను విరిచినాను. పూజ రోజు. మీరు పడుకున్నప్పుడు."

ఆయన గుడ్డ కింద పెట్టాడు. గుమ్మంలో అత్త ఉన్నదని నేను చూడలేదు. ముందు ఆమె గొంతే వినిపించింది.

"అందుకేనా ఆ రోజు నీకు పొరి దిగలేదు! పాపి, ఏడాదిగా ఈ మనిషి నా చేత గుండీలు పెట్టించుకుంటా ఉన్నాడు. నువ్వు రోజూ మా ఇంట్లో కూర్చుని, చూస్తా, తింటా ఉన్నావే! నీ నోట్లో ఏమి పెట్టుకున్నావురా?"

మామ చెయ్యెత్తి ఆమెను ఆపాడు. కొట్టబోతున్నాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"దేనితో తిప్పినావు?" అని అడిగాడు.

"పిడి పొట్టిదని పైపు తగిలించినాను మామా."

"పైపా?" లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. "ఎక్స్‌ట్రాక్టర్‌కి పైపు తగిలించినావా? నా పట్టరైలో? ఇన్నాళ్ళు నేను నీకు నేర్పించింది ఇదా?"

అబద్ధానికి రాని కోపం పైపుకి వచ్చింది. చప్పుడు వినిపించిందని నేను చెప్పిన మాట ఆయన ఎత్తనే లేదు. ఎత్తుతాడని ఎదురుచూశాను. ఎత్తలేదు. కాసేపటికి కోపం దిగింది. కూర్చుని, కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఇంకొకరి చెయ్యి చూసినట్టు చూశాడు.

"పాపం, ఏడాది పొడుగునా దీన్ని తిట్టినాను. దీనికి ఏమి తెలుసు."

మర్నాడు పనిముట్లు ఎత్తాక, నేనే గుడ్డమూట తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక లారీ బ్రాకెట్‌లో విరిగిన బోల్టు ఉంది. ఆయన తీసుకున్నాడు, తొలిచాడు, ఎక్స్‌ట్రాక్టర్ దించాడు. కళ్ళు మూసుకున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనక్కి. అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన ఆగాడు. కళ్ళు తెరిచి నన్ను అడిగాడు:

"సాగతా ఉందా అల్లుడా?"

తన చేతిలో ఉన్నదాని గురించి ఆయన ఎప్పుడూ ఎవర్నీ అడిగి ఎరగడు. "లేదు మామా, సాగడం లేదు, తిప్పండి" అన్నాను. ఆయన తిప్పలేదు. మెల్లగా వెనక్కి తీసి, తుడిచి, నాకిచ్చాడు. ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు పట్టుకుని చూశాడు. ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి ఆగిపోయేవాడు. చేతికి అన్నీ తెలుస్తున్నాయి. అది చెప్పేది ఆయన నమ్మడం లేదు. ఏడాదిపాటు నమ్మకుండా ఉండటం నేర్చుకున్నాడు. నేర్పింది నేను.

గుండీలు మాత్రం మళ్ళీ తనే పెట్టుకున్నాడు. ఎక్స్‌ట్రాక్టర్లు నా దగ్గరే ఉండిపోయాయి.

కొన్నాళ్ళకు తిరునల్వేలి వైపు నుంచి ఒక మిల్లు మనిషి బోల్టు విరిగిన వాల్వు ఒకటి తీసుకుని వచ్చాడు. మామ పాతపేరు విని వచ్చినవాడు. "మీరు ఎందుకయ్యా మానేసినారు?" అని మామనే అడిగాడు. మామ సానరాయి తిప్పుతూ డ్రిల్లు మొనకు పదును పెడుతున్నాడు. ఇప్పుడు చెబుతాడు, చెప్పనీ అనుకున్నాను. పరువు పోయినా పర్వాలేదు, ఆ మాట ఆయన నోటి నుంచి రావాలని నిజంగానే కోరుకున్నాను. ఇది కొట్టేయనక్కర్లేని వాక్యమని అనుకుంటున్నాను.

"అల్లుడి చెయ్యి నా చేతికన్నా మేలయ్యా. అందుకే" అన్నాడు మామ.

ఆ మనిషి నావైపు తిరిగి, "ఓహో, అట్లనా? ఏమి చేస్తారు మీరు?" అని అడిగాడు.

తల దించుకోవలసింది. పోనీ, ఏమీ లేదండీ అని ఊరుకోవలసింది. వాల్వు మీద వేలితో తట్టి, "ముందు చెవి ఆనించి వింటాను" అన్నాను. ఆ కథ మొదటిసారి చెప్పింది ఆ రోజే. మామ ఒక్క క్షణం రాయి ఆపాడు. తల ఎత్తలేదు. మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు.